మోచేతి పీట

రెండు రోజుల పనిని రెండు నెలలు చేయడం ప్రభుత్వ కార్యాలయాలకే చేతనవుతుందని అనుకునేదాన్ని. ఆ వేసవిలో నేనూ చేసి చూపించాను.

పని చిన్నదే. మా మామగారి పాత కారులో ముందు సీట్లు రెండింటి మధ్యా చెయ్యి ఆనించుకోవడానికి ఒక ఆర్మ్‌రెస్టు ఉండేది. ఆయన దాన్ని మోచేతి పీట అనేవారు కాబట్టి ఇంట్లో అందరికీ అది మోచేతి పీటే. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. పైన రెక్సిన్, లోపల స్పాంజి, అడుగున చెక్క. దానికి కొత్త తొడుగు వేయాలి. అంతే.

అది అలా అరిగిపోవడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. మామగారు డ్రైవింగు స్కూలు నడిపేవారు. స్టీరింగు ముందు శిష్యుణ్ణి కూర్చోబెట్టి, తాను పక్క సీట్లో కూర్చుని, మోచెయ్యి ఆ పీట మీద ఆనించి, కాలు తన వైపున్న రెండో బ్రేకు మీద ఉంచి ఊరంతా తిప్పేవారు. చెప్పాపెట్టకుండా ఆ బ్రేకు తొక్కేవారు కాబట్టి ఆయన పేరు బ్రేకు మాస్టారు. ఊళ్ళో స్టీరింగు పట్టుకున్న ప్రతి ఇద్దరిలో ఒకరు ఆయన శిష్యులు. రెండోవాళ్ళు ఆ శిష్యుల దగ్గర నేర్చుకున్నవాళ్ళు. మా ఇంట్లో ఆయన కొడుకూ కూతురూ నేర్చుకున్నారు. కోడలికి నేర్పాలని ఎవరికీ తోచలేదు. పద్దెనిమిదేళ్ళు వెనక సీట్లో కూరగాయల సంచులతో పాటు ప్రయాణం చేశాను.

స్కూలు మూసేసి నాలుగేళ్ళయింది. అత్తగారు పోయింది అంతకు రెండేళ్ళ ముందు. ఆయనకి మిగిలింది కారు ఒక్కటే. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచి, రొట్టె కోసమో పేపరు కోసమో ఒక చుట్టు తిప్పి తెచ్చేవారు. 

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఆయనకి ఎడమవైపు చూపు ఆనడం లేదని మాకు తెలిసింది. ఆయన చెప్పలేదు. గేటు స్తంభం చెప్పింది. స్తంభమే కొంచెం ముందుకి జరిగిందని ఆయన గట్టిగా వాదించారు. తర్వాత పక్కింటివాళ్ళ పూలకుండీలు మూడు పగిలాయి. కుండీలు రోడ్డు మీద పెట్టుకోవడం వాళ్ళ తప్పన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ తర్వాత ఒకరోజు నాలుగు రోడ్ల దగ్గర మందుల షాపు నడిపే ఆయన మావారి ఆఫీసుకి వెతుక్కుంటూ వెళ్ళాడు. సంచి పట్టుకుని రోడ్డు దాటుతున్న ఒకావిడ చివరి క్షణంలో వెనక్కి గెంతిందట. సంచి చక్రం కింద పడి, అందులో ఉన్నవన్నీ చదునైపోయాయట. ఆవిడ పాదానికీ చక్రానికీ మధ్య బెత్తెడు. మామగారు ఆగలేదట. ఆయనకి తెలిస్తే కదా ఆగడానికి.

ఆ మాట నేరుగా మాస్టారికే చెప్పచ్చుగా అని మావారు అడిగారట. నాకు లైసెన్సు ఇప్పించిందే ఆయన, ఆయన్ని నేనెలా అంటాను సార్ అన్నాడట మందుల షాపాయన.

చిక్కంతా అక్కడే ఉంది. వేసవి చివర్లో ఆయన లైసెన్సు గడువు తీరుతుంది. కొత్తది కావాలంటే కళ్ళ డాక్టరు కాగితం ఇవ్వాలి, అధికారి ఎదుట బండి తోలి చూపించాలి. కళ్ళ డాక్టరు ఆయన శిష్యుడు. మాస్టారు కుర్చీలో కూర్చోకముందే సంతకం పెట్టి ఇస్తాడు. అధికారి కూడా ఆయన శిష్యుడే. మాస్టారిని పరీక్ష చేయడమా అని లేచి నిలబడతాడు. ఊరంతటికీ బ్రేకు వేసిన మనిషికి బ్రేకు వేసేవాళ్ళు ఊళ్ళో లేరు. 

మావారు బీమా ఆఫీసులో పని చేస్తారు. ప్రమాదాల గురించి ఆయనకి చాలా తెలుసు. తండ్రికి ఎదురుగా నిలబడి చెప్పడం గురించి మాత్రం ఏమీ తెలియదు. నువ్వు చెప్పు అని నాతో అన్నారు. మీ చెల్లెలు చెప్తుందేమో అన్నాను. వదిన చెప్తేనే బాగుంటుంది, వదినంటే నాన్నకి గౌరవం అంది మా ఆడపడుచు ఫోన్లో. నామీద గౌరవం ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఇదంతా నడుస్తుండగా ఒకరోజు బ్యాంకు పని మీద మామగారి పక్క సీట్లో కూర్చుని వెళ్ళాను. ఎడమవైపు మలుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను. ఎలాగూ ఇద్దరికీ అటు కనబడదు కాబట్టి తేడా లేదు. ఇంటికొచ్చి దిగేసరికి నా జాకెట్టు చేతి మీద పసుప్పచ్చటి పొడి. మోచేతి పీట రెక్సిన్ పగిలి, లోపలి స్పాంజి వయసు మీద పడి పిండైపోయి, ఆ చీలికల్లోంచి రాలుతోంది. మామగారు ఆ పొడి చూసి ఇబ్బంది పడ్డారు. తన బండిలో కూర్చున్న మనిషి బట్టలు పాడవడం ఆయనకి అవమానం.

"విప్పేద్దాం, నాలుగు స్క్రూలే" అన్నారు. "నువ్వు కుట్టగలవా అమ్మా?"

మా ఇంట్లో కర్టెన్లు, సోఫా తొడుగులు, దిండు గలీబులు అన్నీ నేను కుట్టినవే. నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చదివాను. ఆ చదువు మరకలు వదిలించడానికి పనికొచ్చింది, గుర్తింపు మాత్రం ఎవరూ నేర్పని కుట్టుపనికి వచ్చింది. కుట్టగలనన్నాను. రెండు రోజులన్నాను.

మర్నాడు సాయంత్రం మావారు వంటింట్లోకి వచ్చి, సింకు దగ్గర ఉన్న మోచేతి పీటని చూశారు. 

"నాన్న ఇవాళ బండి తియ్యలేదే?"

"పీట విప్పారుగా" అన్నాను. 

అది మామగారి నియమం. సామాను విప్పి ఉన్న బండి గేటు దాటకూడదు. ఒకసారి గేరు కర్ర మీద బుడిపె ఊడిపోతే అది దొరికేదాకా రెండు రోజులు పాఠాలు ఆపేశారు. బుడిపె లేకపోయినా గేరు పడుతుంది కదా మాస్టారూ అని అడిగిన శిష్యుడికి ఇంకో వారం అదనంగా ఆపారు.

మావారు పీటని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆఫీసులో ఏదైనా కాగితంలో లొసుగు దొరికినప్పుడు ఆయన మొహం అలాగే వెలుగుతుందనుకుంటాను.

"దీనికి రెండు నెలలు పట్టదా?"

"రెండు రోజులు."

"పట్టించు" అన్నారు. "గడువు దాటేదాకా చాలు. పరీక్షకి తన బండిలో తప్ప వెళ్ళరు, లైసెన్సు లేకుండా స్టీరింగు ముట్టుకోరు. ఎవరూ ఆయనతో ఏమీ అనక్కర్లేదు. ఎవరి మనసూ నొచ్చుకోదు."

మంచి ఉపాయమే అనిపించింది నాకు. అది ఒప్పుకోవాలి. రోడ్డు మీద ఎవరికీ ఏమీ కాదు, ఇంట్లో ఎవరూ గొంతు పెంచక్కర్లేదు. ఎవరి మనసూ నొచ్చుకోకుండా పని జరగాలంటే ఆ పని ఇంటి కోడలి చేతిలో పెట్టాలని మావారికి ఎప్పుడూ గుర్తుంటుంది.

రెక్సిన్ మామగారే కొనుక్కొచ్చారు. బండి లేదు కాబట్టి నడిచి వెళ్ళి, మూడు దుకాణాలు తిరిగి, పాత రంగుకి దగ్గరగా ఉన్న గోధుమరంగు ముక్క తెచ్చారు. నేను చెక్క అంచున ఉన్న పిన్నులన్నీ చదునైన స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటీ లేపి, పాత తొడుగు చిరగకుండా ఊడదీసి, దాని కుట్లు విప్పి నాలుగు ముక్కలు చేశాను: పైముక్క, రెండు పక్కముక్కలు, ముందు మూతి. వాటిని కొత్త రెక్సిన్ మీద పరచి సుద్దతో గీసుకున్నాను. స్పాంజిని రొట్టె కోసే కత్తితో కోశాను. పాత స్పాంజిలో మోచేయి ఆనే చోట గిన్నె ఆకారంలో గుంట పడి ఉంది. కొత్తదానికి అలాంటిది పెట్టనా అని సరదాగా అడిగితే మామగారు నిజంగానే ఆలోచించి, వద్దులే, నేనే చేసుకుంటాను అన్నారు.

మొదటిరోజు సాయంత్రానికి తొడుగు సగం కుట్టేశాను. రెండో రోజు మధ్యాహ్నం ఆయన నిద్రపోయినప్పుడు విప్పాను.

బట్టకైతే విప్పిన కుట్టు నాలుగు ఉతుకులకి కనబడకుండా పోతుంది. రెక్సిన్‌కి ఆ దయ లేదు. సూది పడిన చోట రంధ్రం ఉండిపోతుంది. అందుకని మళ్ళీ కుట్టినప్పుడల్లా ఒక వెంట్రుకవాసి లోపలికి కుట్టేదాన్ని. పాత రంధ్రాలు మడతలోకి పోయేవి. బయటికి ఒకే ఒక్క శుభ్రమైన కుట్టు. లోపల చూస్తే వరసలు. అలా కుట్టిన కొద్దీ తొడుగు బిగుతై స్పాంజికి ఎక్కేది కాదు. అప్పుడు స్పాంజిని చెక్కేదాన్ని. అది మరీ సన్నబడితే కొత్త ముక్క కోసేదాన్ని. 

సాకులకి కొదవలేదు. సూది మందం చాలలేదు. జిగురు ఆరలేదు. మూల దగ్గర ముడత వచ్చింది. దారం రంగు నప్పలేదు. నేను అబద్ధాలు ఇంత బాగా ఆడగలనని నాకు తెలియదు. మామగారు ప్రతి సాకూ శ్రద్ధగా విని తలూపేవారు. తొందరేముంది, మూల సరిగా రాకపోతే అంతా వృథా అనేవారు. ముప్పై ఏళ్ళు మలుపులు నేర్పిన మనిషికి మూలల మీద నమ్మకం.

రెండో వారం నుంచి ఆయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి మిషను పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. నా కాలు తొక్కుడుపలక మీద ఆడటం చూసి ఒకరోజు, నీ పాదం బాగుందమ్మా అన్నారు. నేను కంగారుపడ్డాను. అదురు లేదు, ఒకేలా తొక్కుతున్నావు, క్లచ్చికి కావాల్సింది అదే అన్నారు. 

"నువ్వెప్పుడూ నేర్చుకుంటానని అడగలేదేం?"

"మీరు ఎవరినైనా అడగనిచ్చారా మామయ్యా" అన్నాను. 

ఆయన గ్లాసు కింద పెట్టారు. తర్వాత లేచి తాళాలు తెచ్చారు.

అలా షెడ్డులో కదలని కారులో నా పాఠాలు మొదలయ్యాయి. సామాను విప్పిన బండి గేటు దాటకూడదనే కదా నియమం. గేటు లోపల కూర్చోకూడదని లేదు. ఇంజను ఆపే ఉండేది. నేను స్టీరింగు ముందు, ఆయన పక్క సీట్లో. మా మధ్య పీట ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ రంధ్రాలు. ఇంజను శబ్దం ఆయనే నోటితో చేసేవారు. నేను క్లచ్చి మెల్లగా వదిలితే ఆ శబ్దం సాఫీగా సాగేది. తొందరగా వదిలితే దగ్గినట్టు చేసి ఠక్కున ఆపేసేవారు. 

"ఆగిపోయింది. మళ్ళీ."

"ఈసారి బాగానే వదిలాను మామయ్యా."

"నువ్వు వదిలావమ్మా, బండి ఒప్పుకోలేదు."

ఎదురుగా షెడ్డు గోడ. గోడ మీద బల్లి ఒకటి ఉండేది. అది లారీ అనుకో అనేవారు. లారీని దాటించడం, వెనక్కి తీయడం, వాలులో నిలపడం అన్నీ నేర్చుకున్నాను. అద్దం చూశావా అని ప్రతి రెండు నిమిషాలకీ అడిగేవారు. అద్దంలో మా వంటింటి కిటికీ కనబడేది. స్టవ్ మీద ఏదో పొంగుతూ ఉండేది. పొంగనీ అనుకునేదాన్ని. పద్దెనిమిదేళ్ళలో నాకు ఆ మాట తట్టడం అదే మొదటిసారి. ఆడపడుచు ఫోను చేసి, నాన్న ఎలా ఉన్నారు వదినా, బండి గురించి గొడవ చేస్తున్నారా అని అడిగితే, గొడవేమీ లేదు, రోజూ వెళ్ళొస్తున్నాం అన్నాను. ఆవిడ గుండె ఒక్క క్షణం ఆగినట్టుంది. 

ఆ రోజుల్లో ఎందుకు కుట్టి విప్పుతున్నానో నాకే తెలియకుండా పోయింది. పీట పూర్తయితే పాఠాలు ఆగిపోతాయి. ఇది మావారు చెప్పిన కారణం కాదు.

గడువుకి ఇంకా పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం మామగారు నిద్రపోలేదు. నేను ఒక పక్క విప్పుతుండగా వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, తొడుగు తన ఒళ్ళోకి తీసుకున్నారు. దాన్ని లోపలి వైపుకి తిరగేసి, అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చారు. ఆయన కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి. వేలు మాత్రం మెల్లగా, ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"ఆరు వరసలు దొరికాయి నాకు" అన్నారు. "ఏడోది ఉందా?"

నేను బ్లేడు కింద పెట్టాను. "ఉంది."

"రెండో వారంలోనే తెలిసిందమ్మా. కుట్టడం నీకు రాకపోవడమేమిటి. ఎందుకు విప్పుతోందా అనుకున్నాను. తర్వాత వాడు ఫోన్లో మాట్లాడుతుంటే అర్థమైంది. బండి బేరం పెట్టాడు. ముసలాడికి వినబడదనుకుని వరండాలో నిలబడి అరుస్తాడు."

బండి బేరం సంగతి నాకు తెలియదు. ఆయన నోటి వెంట వినడమే. 

"సామాను విప్పి ఉన్నంతకాలం బండి గేటు దాటదని నీకు తెలుసు. కొనేవాడొచ్చినా నేను దాటనివ్వను. అందుకని కుట్టి విప్పుతున్నావు. నాకొక్క మాట కూడా చెప్పకుండా." ఆయన తొడుగుని మళ్ళీ బయటి వైపుకి తిప్పి, చేత్తో సాపు చేశారు. "నా కడుపున పుట్టినవాళ్ళకి రాని ఆలోచన నీకొచ్చింది."

"లైసెన్సు గడువు కూడా..." అన్నాను. ఆ వాక్యం ఎక్కడికి వెళ్తుందో నాకే తెలియదు.

"పోనీ. లైసెన్సు మళ్ళీ రాయించుకోవచ్చు, బండి పోతే రాదు. అయినా నేనింకెన్నాళ్ళు తోలతాను. నీకు నేర్పి, నీ చేతికి ఇద్దామని ఉంది నాకు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. మీ కోసమే విప్పానుగానీ మీరనుకున్నందుకు కాదు మామయ్యా, మీకు ఎడమవైపు కనబడటం లేదు, నాలుగు రోడ్ల దగ్గర ఒకావిడ కొద్దిలో తప్పించుకుంది అని. ఆయన ఎలాంటి మనిషంటే, మొదట గంటసేపు వాదించేవారు, రెండో రోజు అన్నం మానేసేవారు, మూడో రోజు తానే వెళ్ళి ఇంకో డాక్టరుకి, శిష్యుడు కాని డాక్టరుకి, చూపించుకుని వచ్చేవారు. నాకు ఇప్పుడు అలాగే అనిపిస్తుంది. ఆ క్షణంలో మాత్రం, నన్ను అంత మంచిగా అనుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ మంచితనాన్ని వదులుకోబుద్ధి కాలేదు. 

టీ పెట్టనా అన్నాను. పెట్టమన్నారు.

ఆ సాయంత్రమే మావారితో, బండి అమ్మొద్దు, నేను తోలతాను అన్నాను. ఆయన బూట్లు విప్పుతున్నారు. ఒక బూటు చేతిలో ఉండగానే నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ముచ్చటపడ్డట్టు నవ్వారు.

"నువ్వా? పక్కన నాన్నా? ఇద్దరికీ కలిపి ఒక పాలసీ రాయించమంటావా?"

ఆడపడుచు మరీ సూటిగా అడిగింది. "నీకు కారెందుకు వదినా, ఎక్కడికెళ్తావు?" 

ఎక్కడికెళ్తావని నన్ను ఎవరూ అడిగి ఉండలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. రెండు రోజులు ఆలోచించినా నాలుగు రోడ్లు దాటి నా ఊహ ముందుకి కదల్లేదు.

గడువు తేదీ ఒక మంగళవారం నాడు వచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజు షెడ్డులో వాలు మీంచి బండి దింపడం నేర్చుకున్నాను. బుధవారం మావారు ఇంక కుట్టేయమన్నారు. ఆదివారం కొనేవాళ్ళు వస్తున్నారు.

ఎనిమిదోసారి కూడా విప్పచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. కుట్టను అని ఒక్క మాట అంటే ఎవరూ నా చెయ్యి పట్టుకుని కుట్టించలేరు. కానీ ఇంట్లో ఒక పని నేను చేయనని ఎప్పుడూ అని ఉండలేదు. చేస్తూ చేస్తూ చేయకుండా ఉండటం వరకే నాకు వచ్చిన విద్య. గురువారం మధ్యాహ్నం కొత్త ముక్కలు నాలుగూ కోసి, ఒకే ఒక్క వరస కుట్టి, స్పాంజి మీద పల్చటి దూది పొర పరచి, తొడుగు ఎక్కించి, మూలలు లాగి, చెక్క అడుగున పిన్నులు కొట్టాను. మూడు గంటలు పట్టింది. ముడత లేదు. నా జీవితంలో అంత మంచి కుట్టు ఇంకోటి కుట్టలేదు.

మామగారు దాన్ని చేతిలోకి తీసుకుని అంచు వెంబడి వేలు పోనిచ్చారు. ఒకే వరస. నా వైపు చూసి, వాడు కుట్టెయ్యమన్నాడా అని అడిగారు. అవునన్నాను. 

"నీ చేతుల్లో ఏముందిలే అమ్మా" అన్నారు. "రెండు నెలలు ఆపావు. అదే ఎక్కువ." 

నాలుగు స్క్రూలూ ఆయనే బిగించుకున్నారు. 

ఆదివారం కొనేవాళ్ళు మొగుడూ పెళ్ళాలు వచ్చారు. ఆడపడుచు కూడా వచ్చింది, తండ్రికి ధైర్యం చెప్పడానికట. కొనే ఆయన స్టీరింగు ముందు కూర్చుని, మోచెయ్యి పీట మీద ఆనించి, బండి పాతదే అయినా ఇది మాత్రం భలే ఉంది, ఎక్కడ కుట్టించారు అన్నాడు. పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలు చూస్తే ఎలా తెలుస్తుందో, మావారి మొహం చూస్తే నాకు అలా తెలిసింది. స్టవ్ మాత్రం నా చేతికి అందేంత దూరంలో లేదు.

"అదో పెద్ద కథండీ" అన్నారు మావారు. బేరం కుదిరిన ఆనందంలో ఉన్నారు. నన్ను మెచ్చుకోవాలన్న ఉత్సాహం కూడా ఉంది, ఆ మాట అనకపోతే అన్యాయం. "మా ఆవిడ రెండు నెలలు కుట్టింది దీన్ని. కుట్టడం, విప్పడం, కుట్టడం, విప్పడం. నాన్న లైసెన్సు గడువు దాటేదాకా ఎలాగైనా సాగదీయమన్నాను. ఆయన ఎదురుగానే చెప్తున్నాను, ఇప్పుడు దాపరికమేముంది. ఎడమవైపు చూపు లేదండీ ఆయనకి. ఈవిడ గనక పీట పట్టుకుని కూర్చోకపోతే ఈపాటికి ఎవరినో ఒకరిని కింద వేసేవారు."

"మా వదిన మామూలుది కాదు" అంది ఆడపడుచు. 

కొనే ఆయన భార్య నా వైపు మెచ్చుకోలుగా చూసింది. అందరూ నవ్వారు. మామగారు కూడా, అందరూ నవ్వుతున్నారు కాబట్టి, పెదవులు కదిపారు. 

తర్వాత నన్ను అడిగారు. అందరి ముందే, దారి అడిగినంత మామూలుగా. 

"మొదటిరోజు నుంచీనా?"

"రెండో రోజు నుంచి" అన్నాను. 

ఆయన తలూపారు. జేబులోంచి తాళాలు తీసి కొనే ఆయన చేతిలో పెట్టి, రెండో గేరు కాస్త మొండిది, తోస్తే పడదు, బతిమాలితే పడుతుంది అని చెప్పారు. టైర్లలో గాలి సంగతి చెప్పారు. అద్దం కొంచెం వదులని చెప్పారు. బండి వెనక్కి తీసి గేటు దాటించేటప్పుడు కొనే ఆయన ఎడమ స్తంభానికి రాసినంత పని చేస్తే, మామగారు అటు చూడలేదు. లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన్ని ఆపడం తప్పని నేను ఇప్పటికీ అనను. ఆ పాదం, ఆ చక్రం నా కళ్ళ ముందు ఉన్నాయి. పోయిందేమిటో చెప్పమంటే చెప్పడం కష్టం, ఎందుకంటే పోయినట్టు ఎవరికీ కనబడలేదు. మామగారు నాతో మాట్లాడటం మానలేదు. అన్నం పెడితే తింటారు, కూర బాగుందంటారు, వాన వస్తుందేమో బట్టలు తీయమ్మా అంటారు. మావారు చూసి, చూశావా, రెండు రోజుల్లో అలవాటు పడిపోయారు, అనవసరంగా భయపడ్డాం అన్నారు. 

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆయన చొక్కా గుండీ ఊడింది. ఇదివరకు గుండీ ఊడితే చొక్కా తెచ్చి మిషను మీద పడేసి వెళ్ళేవారు. సాయంత్రానికి అలమరలో ఉండేది. ఈసారి నా గదిలోకి వచ్చి, సూదీ దారం కొంచెం ఇస్తావా అన్నారు. నేను కుడతాను మామయ్యా అన్నాను. ఎందుకమ్మా నీకు శ్రమ అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నేను వెతికాను, లేదు. 

కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించడానికి ఆయనకి అరగంట పట్టింది. నేను పక్క గదిలో అప్పటికే మడతపెట్టిన దుప్పట్లు మళ్ళీ విప్పి మడతపెడుతూ ఉన్నాను. గుండీ రెండు వేళ్ళు కిందకి కుట్టారు. ఆ చొక్కా తొడుక్కుంటే ఒక అంచు పైకి, ఒక అంచు కిందకి వేలాడి, మెడ దగ్గర గుడ్డ ఉబ్బినట్టుంటుంది. ఇప్పుడు రొట్టెకీ పేపరుకీ నడిచే వెళ్తారు. ఎక్కువగా అదే చొక్కా వేసుకుంటారు. దారిలో శిష్యులు బళ్ళు ఆపి, మాస్టారూ దింపుతాం ఎక్కండి అంటే, వద్దంటారట. 

ఉతికేది నేనే. ఇస్త్రీ చేసేదీ నేనే. దగ్గర దగ్గరగా, ఒకదాని మీద ఒకటి పడ్డ ఆ పెద్ద పెద్ద కుట్లని బ్లేడుతో రెండు సార్లు గీసి, గుండీని దాని చోట పెట్టడం నాకు ఎంతసేపు. ఇస్త్రీ పెట్టె ఆ గుండీ పక్కనుంచి జాగ్రత్తగా తిప్పి, చొక్కా అలాగే మడిచి, ఆయన అలమరలో పెట్టి వస్తాను.